‘దూత’ తొలిభాగము: చిత్తుకాగితము, తడిరోడ్డు

అపరాధపరిశోధన కథలనిన మన విద్యార్థులకు మక్కువ యెక్కువ. అందు వింత లేదు. ఆనవాళ్లను బట్టి కారణమును ఊహించుట, ఆ ఊహను మరల ఆనవాళ్లతో సరిచూచుట, సరిపడనిచో విడిచిపెట్టుట — ఇవి పరిశోధకుని పనులే కాదు, శాస్త్రజ్ఞుని పనులు కూడ. కనుక అట్టి కథ యొకటి ఇంటింట టెలివిజన్ తెరపైకి వచ్చినప్పుడు, దానిని గూర్చి సైన్సు పత్రికలో నాలుగు మాటలు వ్రాయుట అప్రస్తుతము కాదని తలచుచున్నాను.

నేను చెప్పబోవునది ‘దూత’ అను ధారావాహిక తొలిభాగమును గూర్చి. విక్రమ్ కె. కుమార్ దర్శకత్వమున తయారైన ఈ యెనిమిది భాగముల కథ 2023 డిసెంబరు 1వ తేదీన ప్రైమ్ వీడియోలో విడుదలయ్యెను. కథాస్థలము మన విశాఖపట్నమే. సాగర్ అను పాత్రికేయుడు ‘సమాచార్’ అను పత్రికకు సంపాదకుడగును. ఆ పాత్రను నాగచైతన్య ధరించెను. అతడు రాత్రివేళ, వానలో, కుటుంబముతో కారులో పోవుచు ఒక ధాబా వద్ద ఆగును. అచ్చట ఒక పత్రిక ముక్క అతని కంటబడును. అందు అచ్చయిన మాట కొలదిసేపటికే నిజమగును. కారు ప్రమాదమునకు గురియగును, పెంపుడుకుక్క మరణించును. కథకు బీజమిదియే. తరువాతి సంగతులు బయటపెట్టుట మర్యాద గాదు గనుక ఇంతటితో ఆపుదును.

మొదట మెచ్చుకొనదగిన వానిని మెచ్చుకొందము. ఈ భాగములో వాన కేవలము అలంకారము గాదు. అది చూపును తగ్గించును, చప్పుళ్లను మింగివేయును, మనుష్యులను ఒంటరులను చేయును. ధాబాలో చిత్తుకాగితము మనమందరము ఎరిగిన వస్తువు. పకోడీల పొట్లము విప్పి, నూనె మరకల నడుమ పాతవార్త చదువని తెలుగువాడు అరుదు. అంతటి అల్పవస్తువునుండి భయమును పుట్టించుట దర్శకుని నేర్పు. ఇతడే 2009లో తీసిన ‘13బి’ అను చలనచిత్రములో ఒక కుటుంబమునకు జరుగబోవునవి టెలివిజన్ ధారావాహికలో ముందే కనబడును. అప్పుడు తెర, ఇప్పుడు కాగితము, ఊహ యొక్కటే. వార్త జరిగిన పిదప రావలసినది. అది ముందే వచ్చినచో ఏమగును? ప్రశ్న మంచిది. దానిని నేను తప్పుపట్టను.

నన్ను కలవరపెట్టినది తెరమీది సంగతి గాదు, తరగతిలోని సంగతి. మా విద్యార్థి యొకడు వానాకాలములో గాజువాక వద్ద జాతీయ రహదారిపై మోటారుసైకిలుతో జారిపడెను. కాలు విరిగి మూడు నెలలు మంచముపై నుండెను. అతడు తిరిగి తరగతికి వచ్చిన దినమున తోటివారు, “రాసిపెట్టి ఉంది సార్, అంతే. ‘దూత’లో చూడలేదా?” అనిరి. వారు పరిహాసమునకే అనిరి. కాని ఆ మాట అక్కడనే ఆగిపోయినది. ఎందుకు జారెనని అడిగినవాడు లేడు. వ్రాసిపెట్టియున్నదను మాటకు పిమ్మట ప్రశ్న మిగులదు. నాకు భయము కలిగినది అందువలననే.

ఆటోనగర్‌లో లారీల బ్రేకులు బాగుచేయు మేస్త్రీ యొకరు నాకు పరిచయము. ఆయన కూడ ఈ భాగమును చూచెను. ప్రమాదపు ఘట్టమును గూర్చి అడుగగా ఆయన చెప్పినది ఇది: “పేపరు ముక్క సంగతి నాకు తెల్దు గానండి మాస్టారూ, వానలో బండి తీసినోడు ముందు టైర్లు చూసుకోవాలి కదండీ.” ఈ యొక్క వాక్యములో నేను వ్రాయదలచిన విమర్శలో సగము కలదు. మిగిలిన సగమును లెక్కలతో చూతము.

గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 16.7 మీటర్లు. అడ్డువచ్చిన దానిని చూచి బ్రేకు నొక్కుటకు ఒక సెకను పట్టుననుకొందము. ఆ సెకనులోనే కారు సుమారు 17 మీటర్లు పోవును. బ్రేకు పడిన పిమ్మట పోవు దూరము వేగము యొక్క వర్గమును బట్టియు, టైరునకు రోడ్డునకు నడుమనున్న ఘర్షణను బట్టియు ఉండును. పొడిరోడ్డుపై ఘర్షణ గుణకమును 0.7 గా తీసికొన్నచో ఆ దూరము 20 మీటర్లు. తడిరోడ్డుపై 0.4 గా తీసికొన్నచో 35 మీటర్లు. అరిగిన టైరు నీటిపై తేలి గుణకము 0.2 కు పడిపోయినచో 71 మీటర్లు. మొదటి సెకనుతో కలిపి మొత్తము వరుసగా 37, 52, 88 మీటర్లగును.

ఈ అంకెలను మరియొక విధముగ చూడుడు. పొడిరోడ్డుపై కారు పూర్తిగా ఆగిపోవు చోటునకు వచ్చుసరికి, తడిరోడ్డుపై అదే కారు ఇంకను గంటకు సుమారు 39 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. డ్రైవరు అతడే, బ్రేకు అదే, కాలు నొక్కిన క్షణము అదే. మారినది నీటిపొర యొక్కటే. టైరుపైనుండు గాడులు ఆ నీటిని ప్రక్కలకు నెట్టివేయుటకే ఏర్పడినవి. కారు టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని మన మోటారు వాహనముల నియమము. మా విద్యార్థి బండి వెనుక టైరుపై గాడు కనబడనే లేదు. అతనికి వ్రాసిపెట్టిన వ్రాత యేదైన నున్నచో అది ఆ టైరుపైననే ఉండెను. చదువుటకు అద్భుతశక్తి అక్కరలేదు, వంగి చూచిన చాలును.

ఇక కాగితము మాట. అచ్చులో ముందే వచ్చుట యను వింత నిజముగా జరుగలేదా యని కొందరడుగవచ్చును. అట్టిదొకటి జరిగినది. 1944 మే నెలలో లండనులోని ‘డైలీ టెలిగ్రాఫ్’ పత్రిక గళ్ల పజిలులో యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్‌బెరీ అను మాటలు జవాబులుగ వచ్చెను. జూన్ 1వ తేదీన నెప్ట్యూన్ అను మాట వచ్చెను. ఇవన్నియు నార్మండీ తీరముపై మిత్రరాజ్యములు జరుపబోవు దాడికి సంబంధించిన రహస్యనామములు. ఆ దాడి జూన్ 6న జరిగెను. పజిలు కూర్చిన లియొనార్డ్ డావ్ ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు. గూఢచారి శాఖవారు వచ్చి ఆయనను ప్రశ్నించిరి, నేరమేదియు కనబడలేదు.

ఈ కథ ఇంతతో ముగిసినచో ‘దూత’కు తీసిపోదు. కాని 1984లో ఆయన పూర్వవిద్యార్థి రొనాల్డ్ ఫ్రెంచ్ ఒక సంగతి చెప్పెను. డావ్ పజిలు గళ్లను మాటలతో నింపుటకు పిల్లలను వినియోగించెడివాడట. పిల్లలు చుట్టుప్రక్కల సైనికుల విడిదులలో తిరుగుచు విన్న మాటలను ఆ గళ్లలో వేసిరట. అద్భుతమనుకొన్నది పిల్లల చెవులగుండ వచ్చినది. గోల్డ్, స్వోర్డ్, జూనో అను రహస్యనామములు అంతకు కొలది నెలల ముందే పజిలులో వచ్చెను. అవి సామాన్యమైన మాటలగుటచే ఎవరికిని అనుమానము కలుగలేదు. ఇందు రెండు పాఠములు కలవు. తగిలినదానిని మనము గుర్తుంచుకొందుము, తగులనిదానిని మరతుము. ఇది మొదటిది. కారణము కనబడకపోవుట కారణము లేకపోవుట గాదు. ఇది రెండవది.

అయినచో భవిష్యత్తు చెప్పుదుమనువారిని పరీక్షించుట యెట్లు? మార్గము మన దేశములోనే ఒకరు చూపిరి. ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లికర్ (2025 మే నెలలో మరణించిరి) 2008లో పుణెలో సహచరులతో కలసి ఒక పరీక్ష జరిపిరి. చదువులో ముందున్న పిల్లలవి నూరు, మానసిక వికలాంగులైన పిల్లలవి నూరు జాతకములు సేకరించిరి. పరీక్షకు ఒప్పుకొని జవాబులు పంపిన 27 మంది జ్యోతిష్కులకు తలకు నలుబది జాతకములిచ్చి, ఏది యే పిల్లవానిదో చెప్పుమనిరి. సరియైన జవాబులు నూటికి 46. నాణెము ఎగురవేసినను ఏబది వచ్చును. ఇచ్చట గమనింపదగినది ఫలితముకంటె పద్ధతి. ప్రశ్న ముందే వ్రాయబడినది. జవాబు ముందే మూయబడినది. తప్పులు కూడ లెక్కింపబడినవి.

సాగర్ చేయవలసినదియు ఇదియే గదా! సత్యాసత్యములు తేల్చుట సంపాదకుని వృత్తి. ఒక ముక్క చేతబడగానే అది యే పత్రికది, ఏ సంవత్సరపు కాగితము, ఏ ముద్రణాలయపు అక్షరము అని అడుగుట అతనికి వెన్నతో పెట్టిన విద్య కావలెను. తరువాతి భాగములలో అతడును మూలమును వెదకుననుట నిజమే. కాని తొలిభాగములో అతనికి భయము కలిగినంత వేగముగ సందేహము కలుగదు. నా దృష్టిలో ఈ భాగమునకు గల లోపమిది. అతీంద్రియశక్తి ఉండుట లోపము గాదు. కథలో భూతమునకు చోటు కలదు. కాని పత్రికాసంపాదకుడు మొదటి ప్రశ్న నడుగుటలో ఆలస్యము చేసినచో, ఆ పాత్ర కథకొరకు తన వృత్తిని మరచినట్లగును. పరిశోధన కథ చూతమని కూర్చున్న ప్రేక్షకునికి ఇది కొరతయే.

భవిష్యత్తును ముందుగ చెప్పు నిజమైన దూత విశాఖవాసులకు తెలియనిది గాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరము వద్దనే తీరము దాటెను. గాలి గంటకు 180 కిలోమీటర్ల దరిదాపుల వీచెను. ఒమన్ దేశము పెట్టిన ఆ పేరు ఒక పక్షిది; సొలొమోను రాజునకు వార్తలు మోసికొనివచ్చిన పక్షియని పురాతన కథ. నిజముగ వార్త తెచ్చినది పక్షి గాదు, వాతావరణ శాఖ. ఉపగ్రహముల చిత్రములను బట్టి, సముద్రముపై గాలి లెక్కలను బట్టి, తుపాను వచ్చు చోటును కొన్ని దినముల ముందే చెప్పిరి. చెప్పుటయే గాక, ఎంత తప్పు జరుగ వీలున్నదో కూడ పటముపై గీచి చూపిరి. తీరగ్రామములు ఖాళీ చేయబడినవి. నష్టము అపారము, కాని 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పోయిన వేలాది ప్రాణములతో పోల్చినచో భేదము తెలియును.

చిత్తుకాగితము చెప్పిన జోస్యమునకు, తుపాను హెచ్చరికకు భేదమిది. మొదటిది విన్నవాడు భయపడి కూర్చుండును. ఏమి చేసినను తప్పదు గదా! రెండవది విన్నవాడు లేచి పనిచేయును. మొదటిది కారణము చెప్పదు, రెండవది చెప్పును. మొదటిది తప్పినచో ఎవరును లెక్కింపరు. రెండవది తప్పినచో మరునాడే లెక్కించి సరిదిద్దుకొందురు.

కాబట్టి ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటి. ఈ భాగమును చూడవద్దని పిల్లలకు చెప్పకుడు. నేనును చూచితిని, చివరివరకు కదలక చూచితిని. కాని చూచివచ్చిన పిల్లలను మూడు ప్రశ్నలడుగుడు. కారు ఎంత వేగముతో పోవుచున్నది? రోడ్డు ఎట్లున్నది? ఆ కాగితము తప్పు చెప్పియుండినచో కథ మనకు ఎవరైన చెప్పియుందురా? పిమ్మట వారిని బడి బయటనున్న సైకిళ్ల వద్దకు తీసికొనిపోయి టైర్లు చూపుడు. మా విద్యార్థి ఇప్పుడు కొద్దిగ కుంటుచు నడచుచున్నాడు. వాన మొదలయిన దినమున తోటివారి బండ్ల టైర్లను వంగి చూచువాడు మా కళాశాలలో అతడే.