గౌరవెల్లి ఎత్తుల పట్టిక పెరిగితే

సిద్దిపేట జిల్లా అక్కన్నపేట మండలంలో గౌరవెల్లి రిజర్వాయరు ఉంది. మొదట 1.41 టీఎంసీలు అనుకున్నదాన్ని తెలంగాణ వచ్చాక 8.23 టీఎంసీలకు పెంచారు. గుడాటిపల్లి ముంపు గ్రామమైంది. నీళ్లు ఇంకో మీటరు ఎక్కితే ఎవరి చెలక మునుగుతుంది, ఎవరి ఇల్లు మిగులుతుంది అని కంప్యూటరులో లెక్క కట్టాలంటే నేల ఎత్తుల పట్టిక చేతిలో ఉండాలి. ఆ పట్టికను పెద్దది చేసేటప్పుడు గడులు పక్కకు జరిగాయంటే ఒకరి పొలం ఎత్తు ఇంకొకరి పొలానికి పడుతుంది. అందుకే ఐగెన్ అనే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలో ఈ పని చేసిపెట్టే కన్సర్వేటివ్‌రీసైజ్ అంటే నాకు అంత గౌరవం.

ఎండీవర్ స్పేస్ షటిల్ 2000 ఫిబ్రవరిలో 11 రోజులు తిరిగి రాడారుతో కొలిచిన ఎత్తులు ఎస్ఆర్‌టీఎం పేరుతో అందరికీ దొరుకుతాయి. ఒక డిగ్రీ అక్షాంశం, ఒక డిగ్రీ రేఖాంశం మేరకు ఒక ఫైలు. అందులో 3601 వరుసలు, వరుసకు 3601 గడులు, గడికి 2 బైట్లు. మొదటి వరుస ఉత్తరపు అంచు. గడికీ గడికీ మధ్య దూరం సుమారు 30 మీటర్లు.

మెమరీలో మాత్రం పట్టిక ఉండదు, ఒకటే పొడుగు బారు ఉంటుంది. ఒక గడికి సరిగ్గా దక్షిణాన ఉన్న గడి 7202 బైట్ల అవతల దొరుకుతుంది. పొరుగు ఎవరో చెప్పేది ఆ దూరమే.

అక్కన్నపేటకు దక్షిణాన 18వ అక్షాంశ రేఖ దగ్గరలోనే పోతుంది. అది దాటి చూడాలంటే కింది ఫైలు అతికించాలి. ఉమ్మడి అంచు వరుసను వదిలేసి 3600 వరుసలు చివర చేరతాయి, పాత గడి ఒక్కటీ కదలనక్కర్లేదు. అదే తూర్పు ఫైలైతే వరుస పొడవే 7201 గడులవుతుంది. మూడు వరుసల చిన్న పట్టిక తీసుకోండి: 1 2 3, 4 5 6, 7 8 9. దీని ప్రతి వరుసకూ నాలుగో గడి చేర్చి బారును అలాగే వదిలేస్తే మొదటి వరుస 1 2 3 4 అవుతుంది. రెండో వరుస మొదట్లో ఉండాల్సిన 4 వచ్చి మొదటి వరుస కొసన కూర్చుంది. పైథాన్ లైబ్రరీ నంపైలో అర్రేకున్న రీసైజ్ మెథడ్ చేసేది ఇదే, చివర సున్నాలు నింపుతుంది. దాని నియమం అది. నేలను కొలిచేవాళ్లకు మాత్రం పనికిరాదు.

గయేల్ గెనెబో, బెన్వా జాకోబ్ మొదలైనవాళ్లు రాసిన ఐగెన్ ముందుగా ఒక ప్రశ్న వేసుకుంటుంది: వరుస పొడవు మారుతోందా? మారకపోతే ఉన్న మెమరీనే పొడిగించమని అడుగుతుంది. మారితే కొత్త కొలతలతో ఒక తాత్కాలిక మ్యాట్రిక్స్ తీసుకుని, పాతదానికీ కొత్తదానికీ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని అందులోకి ఎక్కించి, చివర రెండింటినీ తారుమారు చేస్తుంది. ఆ తారుమారులో అంకెలు కదలవు, చిరునామాలు మారతాయంతే. ఈ వరుసక్రమం ఎంత తెలివైనదో చూడండి. కొత్త చోటు దొరకకపోతే పని మొదటి మెట్టులోనే ఆగిపోతుంది, అప్పటికి పాత పట్టిక చెక్కుచెదరకుండా ఉంటుంది. నిలువు వరుసల వారీగా దాచుకున్న మ్యాట్రిక్స్‌కు ఇదే ప్రశ్న అటుది ఇటు తిప్పి అడుగుతుంది. నిజానికి ఐగెన్‌కు సహజమైన అమరిక అదే, మనదిలా అడ్డు వరుసల వారీగా ఉన్న పట్టికకు రోమేజర్ అని ముందే చెప్పుకోవాలి.

పేరు పెట్టడంలో కూడా పనితనం ఉంది. మామూలు రీసైజ్ పాత విలువలకు పూచీ ఇవ్వదు, ఇవ్వనక్కర్లేదు కాబట్టి వేగంగా పోతుంది. దాచిపెట్టే పనికి పొడుగాటి పేరు వేరే పెట్టారు. కోడు చదివేవాడికి ఎక్కడ ఏది పోతుందో అక్కడే తెలిసిపోతుంది.

కొత్తగా వచ్చిన గడుల్లో మాత్రం ఏ చెత్త అంకె అయినా ఉండొచ్చు. అది చూడ్డానికి నిజమైన ఎత్తులాగే ఉండే ప్రమాదముంది. కాబట్టి ఎస్ఆర్‌టీఎంలో కొలత లేని చోటికి గుర్తయిన -32768తో వెంటనే నింపుకోవడం మంచిది. ఇంకో చిక్కు పడమర దిక్కున ఉంది. 79వ రేఖాంశం అక్కన్నపేటకూ సిద్దిపేట పట్నానికీ మధ్యనుంచి పోతుంది. పట్నం వైపు పట్టికను పెంచితే కొత్త గడులు ముందు చేరాలి, ఈ ఫంక్షనేమో పై ఎడమ మూలను పట్టుకుని కుడికీ కిందికీ మాత్రమే పెంచుతుంది. అప్పుడు కొత్త మ్యాట్రిక్స్ మనమే తీసుకుని, పాతదాన్ని వరుసకు 3600 గడులు వదిలి కుడివైపున పెట్టుకోవాలి.