వ్యవహార ధర్మబోధిని: వకీలు, కక్షిదారుడు, న్యాయాధికారి

1880లో కందుకూరి వీరేశలింగం పంతులు రాజమహేంద్రవరంలో తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ని ప్రదర్శింపజేశారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన చరిత్రను చాలామంది ఇక్కడినుంచే మొదలుపెడతారు. పేరు ఎంత గంభీరంగా ఉన్నా, లోకం దీన్ని ‘ప్లీడరు నాటకం’ అనే పిలిచింది. రచన బలమూ పరిమితీ రెండూ ఆ పిలుపులోనే ఉన్నాయి.

బలం మొదట భాషలో ఉంది. ‘విగ్రహం’ వంటి గ్రంథాన్ని గ్రాంథికంలో రాసిన పంతులుగారు ఇక్కడ వాడుకభాషకు దిగారు. కారణం ఊహించడం కష్టం కాదు. కోర్టు ఆవరణలో బేరాలు ఎవరూ గ్రాంథికంలో ఆడరు. పైగా ఆ లోకం ఆయనకు తెలుసు. ఒకప్పుడు తానే ప్లీడరు కావాలనుకుని, ఆ వృత్తిలో అబద్ధం తప్పదని గ్రహించి బడిపంతులయ్యారు.

నేపథ్యం కూడా గమనించండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా భూములకు విలువ పెరిగింది. భూమికి విలువ వచ్చినచోట దావా వస్తుంది. 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం ప్రకారం 2,500 రూపాయల వరకు విలువగల దావాలు జిల్లా మునసబు ముందుకు వెళ్ళేవి. సామాన్య రైతుకు న్యాయమంటే ఆ మునసబే. ఆయన్ను నియమించేది మాత్రం దూరాన మద్రాసులో ఉన్న హైకోర్టు. ఆయన పైనున్న జిల్లా జడ్జీలు ఎక్కువగా సివిల్ సర్వీసు నుంచి వచ్చిన ఆంగ్లేయులు.

మరి నాటకంలో వ్యంగ్యం బరువు ఎవరిమీద పడింది? ప్రధానంగా వకీళ్ళ మీద. ఇది భయంవల్ల అనుకోరాదు. 1874లో స్థాపించిన ‘వివేకవర్ధని’లో ఆయన అధికారుల లంచగొండితనాన్ని నిర్మొహమాటంగా బయటపెట్టారు. పంతులుగారి దృష్టిలో అవినీతి మనిషి గుణదోషం. బోధిస్తే పోతుంది. అందుకే అది ‘బోధిని’ అయింది. న్యాయపీఠం మీద ఎవరు కూర్చోవాలి, వారిని ఎవరు ఎంపిక చేయాలి అన్న ప్రశ్న ఈ చట్రంలో ఇమడదు. నా దృష్టిలో నాటకానికి ఇదే పెద్ద లోటు. పాత్రలు నలుపు తెలుపులుగా మిగిలిపోవడం కూడా దీని ఫలితమే.

ఆ ప్రశ్నకు జవాబు రాజ్యాంగం ఇచ్చింది. 233వ అధికరణం కింద జిల్లా జడ్జీలను గవర్నరు హైకోర్టును సంప్రదించి నియమిస్తారు. న్యాయవాదుల్లోంచి నేరుగా తీసుకునేవారికి కనీసం ఏడేళ్ళ అనుభవం, హైకోర్టు సిఫారసు ఉండాలి. 234వ అధికరణం కిందిస్థాయి న్యాయాధికారులకు వర్తిస్తుంది. అమెరికాలో ఫెడరల్ జిల్లా కోర్టు జడ్జిని అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదించాలి. అక్కడ రాష్ట్రాల కోర్టులు వేరు. మన జిల్లా కోర్టు మాత్రం కేంద్ర చట్టాన్నీ రాష్ట్ర చట్టాన్నీ ఒకే గదిలో విచారిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ‘వ్యవహార ధర్మబోధిని’లో వకీలు స్థానంలో మునసబును కేంద్రపాత్రగా ఊహిస్తే, వ్యంగ్యం ఎవరివైపు మళ్ళుతుంది? పది వాక్యాలలో రాయండి.