సీసం, అచ్చు, మా మేనల్లుడు

చేత్తో ఏదో ఒకటి చేయండి అని ఈ కాలమ్‌లో ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నాను. హైటెక్ సిటీలో కీబోర్డు తప్ప మరేదీ ముట్టని వేళ్లను చూస్తే నాకెందుకు చిరాకో, ఇండక్షన్ పొయ్యి మీద నాకెంత అక్కసో పాత పాఠకులకు మళ్లీ చెప్పక్కర్లేదు. పోయిన వారం తెలిసిందేమిటంటే, నా మాట ఒకడు నిజంగానే విన్నాడు. మా మేనల్లుడు. డాలస్ నుంచి మాదాపూర్ ఆఫీసుకు బదిలీ అయి వస్తున్నాడు.

"మామయ్యా, మీకు నచ్చే హాబీ పట్టాను. నా వేట రైఫిల్‌కి తూటాలు నేనే పోసుకుంటున్నాను. రైఫిల్ ఇక్కడ అమ్మేస్తాను గానీ అచ్చు తెచ్చుకుంటా. కొండాపూర్ ఫ్లాట్‌లో బాల్కనీ పెద్దదే కదా, చెయ్యి అలవాటు తప్పకుండా అప్పుడప్పుడూ పోసుకోవచ్చు" అన్నాడు ఫోన్లో.

ఒళ్లు మండింది. ఒరేయ్, ఇక్కడ వేటేమిట్రా అన్నాను. 1972 వన్యప్రాణి చట్టం వేట చేతులు కట్టేసింది, 1991 సవరణ మిగిలిన సందులు కూడా మూసేసింది. ఒకప్పుడు నిజాం వేటాడుకున్న అడవి ఇప్పుడు వనస్థలిపురం పక్కన హరిణ వనస్థలి పార్కు. వాడు తొణకలేదు. "ఈ ఊరికి పోతపని కొత్తా? 1786లో నిజాం కొలువులోని ఫ్రెంచివాడు రేమండ్ ఫిరంగుల కార్ఖానా పెట్టిన చోటే గన్‌ఫౌండ్రీ అని రాసింది మీరే కదా" అని నా మాటే నాకు అప్పజెప్పాడు. ఆ తర్వాత పని ఎలా చేస్తాడో చెప్పడం మొదలుపెట్టాడు. ఫోన్ పెట్టేద్దామనుకుంటూనే విన్నాను.

సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగినదాంట్లో మైనం ముక్క వేసి కలిపితే మురికి పైకి తేలుతుంది, దాన్ని గరిటెతో తీసి పారేయాలి. అచ్చు చల్లగా ఉంటే తూటా ముడతలు పడుతుంది. మరీ వేడెక్కితే పైన మెరుపు పోయి పాలిపోతుంది. ఆ రెంటికీ నడుమ ఏ వేడి కావాలో థర్మామీటరు కొంత చెబుతుంది, తక్కినది చేతికి తెలియాలి. తూటా లావు గొట్టంలోని గాడుల కొలత కన్నా అంగుళంలో వెయ్యో వంతు ఎక్కువుండాలి. ఉత్త సీసం మరీ మెత్తన, వేగానికి తట్టుకోలేక గొట్టం లోపల పూసుకుపోతుంది. అందుకని తగరం, యాంటిమొనీ కలిపి గట్టిపరుస్తారు, తూటా అడుగున చిన్న రాగి మూత తొడుగుతారు.

"ఇక్కడ ఇది పోసేవాళ్లందరూ దేనికోసం వెతుకుతారో తెలుసా? మూతపడిన ప్రెస్సుల్లోని పాత లైనోటైపు లోహం కోసం."

ఇక్కడ దొరికిపోయాను.

తెనాలిలో మా నాన్న ప్రెస్సు గురించి ఇదివరకే రాశాను, ఓపిక పట్టండి. ఇంగ్లీషు కంపోజిటర్‌కి పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు ఉంటే సరిపోయేది. మన గుణింతాలకూ ఒత్తులకూ గోడ పొడవునా కేసులు నిలబెట్టాలి. అన్నిటికన్నా ముందు విరిగేది తలకట్టు. విరిగిన, అరిగిన టైపంతా మూటకట్టి తూకానికి బెజవాడ ఫౌండ్రీకి పంపేవాళ్లం, కొత్త అక్షరాలై తిరిగొచ్చేది. చిన్నప్పుడు నాన్న వెంట ఒకసారి ఆ ఫౌండ్రీకి వెళ్లాను. చేత్తో తిప్పే యంత్రం, పిడి ఒక్కసారి తిప్పితే ఒక్క అక్షరం రాలేది. 'క్ష' ఒత్తు వేడివేడిగా అరచేతిలో పెట్టారు. లైనోటైపు లోహంలో నూటికి 84 పాళ్లు సీసం, 12 యాంటిమొనీ, 4 తగరం అని ఆ తర్వాతెప్పుడో చదివాను. గట్టిపడేటప్పుడు లోహం కుంచించుకుపోకుండా కాపాడేది యాంటిమొనీయే. అక్షరం అంచు కత్తిరించినట్టు వచ్చేది అందుకే. తూటా అంచూ అందుకే.

ఆ సీసం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పట్లో ఎవరం అడగలేదు. మన పల్నాడులోనే, వినుకొండకు ఆవల బండ్లమోటు దగ్గర సీసపు గని ఉండేదని ఇప్పటి పిల్లలకు తెలియదు. (భూగోళం పాఠాల మీద నా ఫిర్యాదు మరో వారం.)

ఇంతదాకా వచ్చాక నా పాత వాదం ప్రకారం వాడికి శభాష్ అనాలి. నిజానికి అనబోయాను కూడా. కానీ ప్రెస్సు గుర్తొచ్చినప్పుడు మా పెద్ద కంపోజిటర్ కూడా గుర్తొచ్చాడు. ఆయన చిగుళ్ల వెంట నీలం గీత ఉండేది, కిళ్లీ మరక అనుకునేవాళ్లం. అది ఒంట్లో సీసం చేరిందనడానికి గుర్తని వైద్య పుస్తకాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. తరచూ కడుపునొప్పి, ముభావం. సాయంత్రం కంపోజింగ్ వాళ్లకు పాలు, బెల్లం ఇచ్చేవారు, అదే విరుగుడని నమ్మకం. పాలకు సీసం విరగదు. ఆయన సీసం కరిగించనైనా లేదు, రోజంతా వేళ్లతో ముట్టుకుని అదే చేత్తో అన్నం తిన్నాడు, అంతే.

బాల్కనీలో పోత పోస్తే ఆ తెట్టు బూడిద ఎక్కడికి పోతుంది? కింది అంతస్తు వాళ్లు ఆరేసిన బట్టల మీదికి, పాకే పిల్లల అరచేతుల్లోకి. పిల్లల ఒంట్లో ఇంత సీసం ఉంటే ఫర్వాలేదనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడితే చాలు, కుండంతా ఎగజిమ్ముతుంది. హైదరాబాదులో లైనోటైపు దొరక్క వీడు చివరికి పాత ఇన్వర్టర్ బ్యాటరీలు పగలగొడతాడు. అలాంటి లోహాలు మట్టిలోకి దిగితే ఏమవుతుందో కాటేదాన్ నేలల మీద ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు రాసిన పరిశోధనల్లో ఉంది. వేట హక్కుగా సాగే చోట కూడా సీసం చేసే హాని తేలిన విషయమే. సీసపు తూటాలు తగిలిన కళేబరాలు తిని కాండర్ రాబందులు చస్తున్నాయని కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా ఆపేసింది.

చట్టం సంగతి సరేసరి. 1959 ఆయుధాల చట్టంలో మందుగుండు నిర్వచనం చదివాను. తూటా భాగాలే కాదు, వాటిని తయారుచేసే యంత్రసామగ్రీ అందులోకే వస్తుంది. తుపాకీ లేకపోయినా, లైసెన్సు లేకుండా ఆ అచ్చు ఇంట్లో పెట్టుకోవడం చిక్కే. చట్టాల మీద నేను విసుక్కోని వారం అరుదు. ఈసారి చట్టం వైపే ఉన్నాను.

చేతిపనులన్నీ బతకాలని రాస్తూ వచ్చాను. అన్నీ బతకక్కర్లేదు. తూటా పోత గొప్ప పనే, కావాల్సినంత ఓపిక, చూపు, చేతి తెలివి ఉన్నాయి అందులో. అయినా అది పొగ గొట్టాలూ రక్త పరీక్షలూ ఉండే కార్ఖానాలో, యంత్రం చేయవలసిన పని. టైపు ఫౌండ్రీలు పోయినందుకు ఇన్నాళ్లూ ఏడ్చాను. డీటీపీ వచ్చి ఎంతమంది చిగుళ్లను కాపాడిందో లెక్కలోకి తీసుకోలేదు.

గురి మీద మమకారం ఉంటే గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ షూటింగ్ రేంజ్ ఉంది. లండన్‌లో కంచు పతకం కొట్టిన గగన్ నారంగ్ ఈ ఊళ్లో పెరిగినవాడే. అదే ఆవరణలో చుక్కల దుప్పులూ తిరుగుతాయి. వాటి అడవి పక్కనే, కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. నాయనా, అక్కడ కాగితం గురి మీద కాల్చుకో, దుప్పుల్ని చూసి రా. అచ్చు మాత్రం డాలస్‌లోనే ఎవరికైనా ఇచ్చెయ్.

పాఠకుల్లో ఎవరింటి అటకమీదైనా పాత టైపు కేసులుంటే పాత ఇనుము వాడికి వేయకండి, కరిగించకండి, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి. గాజు పెట్టెలో పెట్టండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి.