హాస్టల్ లేని స్వేచ్ఛ
క్యాంపసులో అన్ని భావాలకూ చోటుండాలంటారు మేధావులు. బాగానే ఉంది, ఆ చోటు తాళం ఎవరి చేతిలో ఉంది? 2015 ఆగస్టులో 'ముజఫర్‌నగర్ బాకీ హై' ప్రదర్శనను ఢిల్లీలో అడ్డుకుంటే, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ నిరసన తెలిపింది. తర్వాత గొడవైంది. డిసెంబరులో ఐదుగురు దళిత పరిశోధకులను హాస్టళ్ల నుంచి వెలేశారు. ఎన్నికల్లో పాల్గొనకూడదు, గుంపుగా తిరక్కూడదు. రోహిత్ వేములకు ఏడు నెలల ఫెలోషిప్ అందలేదు. స్వేచ్ఛ గురించి రాసేవాళ్లు ఈ మంచం, కంచం సంగతి రాయరు. ఇల్లూ పుస్తకాలూ ఉన్నోడికి హాస్టల్ వట్టి బస. మొదటి తరం చదువుకున్నోడికి అదే సభ, అదే ప్రెస్సు. ఆ ఐదుగురూ ఆరుబయట గుడారమేసి 'వెలివాడ' అని పేరెట్టారు. మా కలిదిండి వైపు ఆ మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. 2016 జనవరి 17న రోహిత్ చనిపోయేనాటికి గుడారం అక్కడే ఉంది.