క్రియ వెనకాల చిన్నమాట

ఇంగ్లిష్ పాఠం చెప్పేటప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఫ్రేజల్ వెర్బ్‌లు. పిల్లలకు అన్నిటికన్నా భయం కూడా వాటితోనే. క్రియ తెలిసిందే, దాని వెనకాల వచ్చే ఇన్, ఔట్, అప్ కూడా తెలిసినవే. రెండూ కలిస్తే మాత్రం అర్థం ఎటో వెళ్లిపోతుంది. పిల్లల్ని తప్పుపట్టాల్సిన పని లేదు. పరాయివాళ్లకు ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా కష్టమైనది ఈ కూర్పేనని శామ్యూల్ జాన్సన్ 1755లోనే తన నిఘంటువు పీఠికలో రాశాడు. ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు ఆ తర్వాత చాలా కాలానికి, 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఆ మాట తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పాడు.

నేర్వడం, అర్థం కావడం గురించిన ఫ్రేజల్ వెర్బ్‌లే ఒక పెద్ద గుంపు. మన గైడ్లు వాటన్నిటికీ ఒకే అర్థం ఇస్తాయి. ఫిగర్ ఔట్ అంటే అర్థం చేసుకొను, క్యాచ్ ఆన్ అంటే అర్థం చేసుకొను, టేక్ ఇన్ అంటే మళ్లీ అర్థం చేసుకొను. నాకు బాధ కలిగించేది ఇదే. ఒకే పనికి ఏ భాషా ఇన్ని మాటలు ఊరికే పెట్టుకోదు.

చిక్కుముడి లాంటి లెక్కతో గంటసేపు కుస్తీ పట్టి దారి కనుక్కుంటే అది ఫిగర్ ఔట్. అందులో శ్రమ ఉంది. హైదరాబాద్ వచ్చి పనిలో చేరిన కుర్రాడికి ఎవరూ నేర్పకుండానే నాలుగు నెలల్లో హిందీ వచ్చేస్తే అది పికప్. అందులో శ్రమ కనిపించదు. అందరూ నవ్వేశాక, కాస్త ఆలస్యంగానైనా విషయం తట్టడం క్యాచ్ ఆన్. డాక్టరుగారి చీటీ మీద అక్షరాలు ఎలాగో పోల్చుకోవడం మేక్ ఔట్. ఇక సింక్ ఇన్ ఉంది, నాకు మరీ ఇష్టమైనది. దగ్గరివాళ్లు పోయారన్న కబురు చెవిన పడుతుంది, మాట అర్థమవుతుంది, కానీ మనసుకు ఎక్కదు. ఎక్కడానికి రోజులు పడతాయి. తెలియడానికీ లోపలికి దిగడానికీ మధ్య ఉన్న ఆ వ్యవధిని రెండు చిన్నమాటలు పట్టుకున్నాయి.

వెనకాల వచ్చే మాటలకూ ఒక పద్ధతి ఉంది. మరుగున ఉన్నది బయటపడితే చాలాసార్లు ఔట్ వస్తుంది: ఫైండ్ ఔట్, వర్క్ ఔట్, మేక్ ఔట్. బయటిది లోపలికి చేరితే ఇన్. చదువు విషయంలో అప్ తరచుగా కనిపిస్తుంది: మరిచిపోయినదానికి మళ్లీ పదును పెట్టుకుంటే బ్రష్ అప్, బట్టీ పడితే మగ్ అప్. అయితే ఈ పద్ధతి అన్నిచోట్లా నిలబడదు, అందుకే దాన్ని సూత్రంగా నేర్పకూడదు. చెవికి అలవాటు చేయాలి. ఫిగర్ ఇట్ ఔట్ అంటారే గాని ఫిగర్ ఔట్ ఇట్ అనరు. పలికేటప్పుడు ఊనిక కూడా సాధారణంగా ఔట్ మీద పడుతుంది. మనవాళ్లు క్రియను గట్టిగా పలికి చివరి మాటను మింగేస్తారు.

నిజానికి ఇలాంటి సూక్ష్మాలు తెలుగువాళ్లకు కొత్తకాదు. చదివాడు, చదువుకున్నాడు, చదివేశాడు, చదివిపెట్టాడు: వీటి మధ్య తేడా ఏ పల్లెటూరి పిల్లవాడికీ చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్‌లో చిన్నమాట చేసే పనిలో కొంత మనకు రెండో క్రియ చేస్తుంది. విద్య ఒంటబట్టడం, పాఠం బుర్రకెక్కడం, లెక్క కొరుకుడుపడకపోవడం, సంగతి అంతుచిక్కడం, కష్టం పడ్డాక తెలిసిరావడం: ఇంత సంపద ఉన్న పిల్లవాడికి ‘అర్థం చేసుకొను’ అని ఒక్క మాట చేతిలో పెట్టి పంపడం అన్యాయం.

బడిలో మనం కాంప్రహెండ్, అసర్టెయిన్ లాంటి లాటిన్ మూలపు బరువైన మాటలకు మార్కులు వేసి, ఇంగ్లిష్‌వాళ్ల ఇళ్లలో వినిపించే ఇంగ్లిష్‌ను ఖాళీలు పూరించే ప్రశ్నకు వదిలేశాం. నూరేళ్ల కిందట ఉత్తరాంధ్రలో పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్న జె.ఎ. యేట్స్, మాట్లాడే భాషతోనే భాష నేర్పాలని పట్టుబట్టాడు. ఆ ఆలోచన గిడుగు రామమూర్తిగారిని కదిలించింది, తెలుగులో వ్యావహారిక భాషోద్యమానికి ఊపిరైంది. ఇంగ్లిష్ బోధన నుంచి మనం అందుకున్న ఆ పాఠాన్ని మన ఇంగ్లిష్ తరగతిలోనే మరిచిపోవడం నాకు మింగుడుపడదు.

ఇంగ్లిష్ చెప్పే తోటి ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. ఈ వారం ఫ్రేజల్ వెర్బ్‌ల జాబితా పక్కన పెట్టండి. జీవితంలో తాము పికప్ చేసింది ఏమిటో, ఫిగర్ ఔట్ చేసింది ఏమిటో చెప్పమని పిల్లల్ని అడగండి. ముందు తెలుగులోనే చెప్పనివ్వండి.