దాచిన సూది: ఎలిజబెత్ హ్యూస్ ఉత్తరాలు చదువుతూ

జబ్బుల గురించి సాహిత్యంలో మాట్లాడాలంటే సూసన్ సోంటాగ్ ‘ఇల్‌నెస్ యాజ్ మెటఫర్’ (1978) దగ్గర మొదలుపెట్టడం మా పరిశోధకులకి అలవాటైపోయింది. క్షయకి ప్రేమనీ సున్నితత్వాన్నీ, కాన్సర్‌కి మనసులో అణచుకున్న ఉద్వేగాల్నీ అంటగట్టిన తీరుని ఆమె తూర్పారబట్టింది. నేనూ ఆ పుస్తకాన్ని ఎమ్మేలో చదివాను, పరీక్షలో రాశాను. ఇరవయ్యారో ఏట, పిహెచ్‌డి రెండో సంవత్సరంలో, నాకు టైప్ 1 డయాబెటిస్ అని తేలాక మళ్ళీ తీసి చదివితే, ఆ వాదన నాకు సగమే అక్కరకొచ్చింది. షుగరుకి క్షయకున్నలాంటి అందమైన ప్రతీక ఏదీ లేదు. దానికి అంటుకుని ఉన్నది నింద.

ఆ నింద తెలుగులో ఎంత సహజంగా వినిపిస్తుందో! మంచివార్త చెబితే ‘తీపి కబురు’. పరీక్ష పాసైతే ‘నోరు తీపి చెయ్యి’. అదే తీపి రక్తంలో కనిపిస్తే ‘నోరు కట్టుకోలేదా?’ టైప్ 1 స్వీట్లు తినడం వల్ల వచ్చేది కాదు. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని చంపేస్తుంది. ఈ రెండు వాక్యాలూ నేను బంధువులకీ, హాస్టల్ మిత్రులకీ, మా డిపార్ట్‌మెంట్‌లో ప్యూన్‌కీ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అందరూ తలూపేవారు. తలూపాక, ‘చిన్నప్పట్నుంచీ తీపి ఎక్కువ తినేదానివా?’ అనేవారు.

ఆ మొదటి రెండేళ్ళలో నేను వెతికింది వైద్య సమాచారం కోసం కాదు. సూదికి వారంలో అలవాటు పడ్డాను. ఇక జీవితాంతం సెలవు దొరకదన్న దిగులుకి మాత్రం అలవాటు పడలేకపోయాను. ఆ దిగులుకి ఒక వాక్యం కావాలి నాకు. మన స్త్రీవాద సాహిత్యం శరీరాన్ని ఎంత ధైర్యంగా రాసింది! ఓల్గా ‘రాజకీయ కథలు’ ఒక్కో అవయవం చుట్టూ అల్లుకున్న అధికారాన్ని చూపించాయి. ‘సవాలక్ష సందేహాలు’ వంటి పుస్తకంతో అన్వేషి మిత్రులు వైద్యుల్ని ప్రశ్నించడం నేర్పారు. కానీ ఎవరూ చూడని, ఎవరూ ఆశించని క్లోమం మాటేమిటి? నా శరీరాన్ని ఎవరో ఆక్రమించుకున్నారంటే పోరాడటం తెలుసు. నా శరీరమే నా మీదికి వస్తే ఆ కోపం ఎవరి మీద చూపించను?

ఆ వెతుకులాటలోనే ఎలిజబెత్ హ్యూస్ ఉత్తరాలు తారసపడ్డాయి. అవి టొరంటో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆమె తండ్రి చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి. 1919లో, పదకొండేళ్ళ వయసులో ఆమెకి డయాబెటిస్ అని తెలిసింది. అప్పటికి ఇన్సులిన్ లేదు. డాక్టర్ ఫ్రెడరిక్ ఆలెన్ పద్ధతిలో పిల్లని దాదాపు పస్తులుంచి ప్రాణం నిలబెట్టడమొక్కటే మార్గం. 1922 ఆగస్టులో టొరంటోలో బాంటింగ్ దగ్గరికి తీసుకొచ్చేనాటికి, పదిహేనేళ్ళు నిండబోతున్న ఆ పిల్ల బరువు 45 పౌన్లు. అంటే ఇరవై కిలోలు.

టొరంటో నుంచి ఆమె తల్లికి రాసిన ఉత్తరాలు ఎంత హుషారుగా ఉంటాయంటే, మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళకు పైగా ముట్టని రొట్టె, బంగాళాదుంప తిరిగి కంచంలోకి వచ్చినందుకు ఒకటే సంబరం. తొలినాళ్ళ ఇన్సులిన్ అంత శుద్ధమైనది కాదు, సూది పొడిచిన చోటల్లా నొప్పీ వాపూ. ఆ సంగతులు ఉత్తరాల్లో తేలిగ్గా దాటిపోతాయి. విమర్శకురాలిగా నాకు ఇది సాహిత్య సమస్య. ఈ సంతోషాన్ని ఎంతవరకు నమ్మాలి?

మళ్ళీ చదివాక నాకు అనిపించింది: ఇవి జబ్బు గురించిన ఉత్తరాలు కావు, తల్లికి రాసిన ఉత్తరాలు. ఆ తల్లి 1920లో పెద్ద కూతురు హెలెన్‌ని పోగొట్టుకుంది. చివరి కూతురు దూరదేశంలో ఉండి ‘నేను బాగున్నాను’ అని రాస్తోంది. ఫోన్లో అమ్మ అడిగినప్పుడల్లా గ్లూకోమీటరులో మూడువందలు దాటిన అంకెని చేతిలో పెట్టుకుని, ‘తిన్నానమ్మా, బాగానే ఉంది’ అని నేను అనే మాట లాంటిదే అది. ఆడపిల్లలు ఈ పని ఎంత చిన్నప్పుడే నేర్చుకుంటారో! రోగి తనవాళ్ళని ఊరడించడం కూడా చాకిరీయే. అది ఏ డైట్ ఛార్టులోనూ ఉండదు. అమెరికాలో కొందరు మానసిక నిపుణులు డయాబెటిస్ రోగుల దిగుల్ని కొలవడానికి ఇరవై ప్రశ్నల పట్టిక తయారుచేశారు. తిండి విషయంలో కోల్పోయిన భావన, పట్టు తప్పినప్పుడు అపరాధ భావం, అలసట, అన్నీ ఉంటాయందులో. ఒక్కొక్కదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. మనసుకి మార్కులేమిటని నవ్వుకున్నాను గానీ, ఆ ప్రశ్నలు చదివిన రోజు చాలాసేపు ఏడ్చాను. నేనొక్కదాన్నే కాదన్న మాట.

అసలు చిక్కు ఎలిజబెత్ పెద్దయ్యాక మొదలవుతుంది. ఆమె పెళ్ళి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కంది, ప్రజాజీవితంలో చురుగ్గా ఉంది. 1981లో చనిపోయేనాటికి సుమారు 42,000 సూదులు పొడుచుకుని ఉంటుందని అంచనా. కానీ తన జబ్బుని లోకానికి తెలియనివ్వలేదు. తండ్రి కాగితాల్లో దాని ప్రస్తావనల్ని కూడా తీయించేసింది. మైకేల్ బ్లిస్ ‘ద డిస్కవరీ ఆఫ్ ఇన్సులిన్’ (1982) రాసేదాకా ఆమె సంగతి పెద్దగా ఎవరికీ తెలియదు.

మౌనాన్ని బద్దలుకొట్టడమే రాజకీయమని నేర్చుకున్న తరం మనది. ఆ లెక్కన ఆమెని తప్పుపట్టడం సులువు. నాకా సులువు లేదు. మా పిన్ని ‘పెళ్ళయ్యేదాకా ఎక్కడా అనకే’ అన్నప్పుడు నేను ఒప్పుకోలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి చెప్పేశాను, వాళ్ళు మళ్ళీ రాలేదు. అందుకు నేను బాధపడలేదు. కానీ పిన్ని చెప్పిన దాపరికమూ ఎలిజబెత్ దాపరికమూ ఒకటి కావు. పిన్నిది సంబంధం కుదరడం కోసం సరుకు లోపాన్ని కప్పిపెట్టడం. ఎలిజబెత్‌ది, పత్రికలు ‘ఇన్సులిన్‌తో బతికిన మంత్రిగారి అమ్మాయి’ అని బిగించిన చట్రంలోంచి బయటపడటం అనుకుంటాను. జీవితమంతా ఉదాహరణగా బతకడానికి ఎవరు ఒప్పుకుంటారు?

ఇందుకు ఎదురుగా సోనియా సోటోమేయర్ ‘మై బిలవెడ్ వరల్డ్’ (2013) ఉంది. సూది ఎవరు వెయ్యాలని తల్లీ తండ్రీ పోట్లాడుకుంటుంటే, ఏడేళ్ళ పిల్ల కుర్చీ లాక్కుని పొయ్యి దగ్గర సిరంజి మరగబెట్టుకోవడంతో ఆ పుస్తకం మొదలవుతుంది. మంచి దృశ్యం. అయితే 2009లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాక రాసింది కాబట్టి గెలుపు ముందే తెలిసిపోతుంది. ఆ పిల్ల పట్టుదల చివరికి ఎక్కడికి చేర్చిందో మనకి తెలుసు. తను కూడా పెద్దయ్యాక చాలాకాలం దాచానని చెప్పిన పేజీలే నాకు ఎక్కువ నచ్చాయి. ఎలిజబెత్ తండ్రి 1930 నుంచి 1941 దాకా అదే కోర్టుకి ప్రధాన న్యాయమూర్తి అన్నది యాదృచ్ఛికమే.

ఎలిజబెత్ దగ్గర గెలుపు కథ లేదు. పదిహేనేళ్ళ పిల్ల కొన్ని నెలల పాటు రాసిన ఉత్తరాలున్నాయి, తర్వాత యాభై ఎనిమిదేళ్ళ మౌనం ఉంది. నేను చదవాలనుకునేది ఆ మౌనంలోనే ఎక్కడో ఉంది: పిల్లల్ని బడికి పంపి, ఎవరూ చూడకుండా సూది వేసుకుని, లో-షుగర్‌తో చేతులు వణుకుతున్నా అతిథులకి కాఫీ పోసిన ఏదో ఒక మామూలు మంగళవారం.