అతుకు, ఓటు, చతురోక్తి: అపాచీ సాఫ్ట్‌వేర్ సమూహ సంభాషణ – వృత్తిజానపద పరిశీలన

వ్యాససంగ్రహం:

సాఫ్ట్‌వేర్ నిర్మాతలు పనిలో భాగంగా పరస్పరం పంచుకొనే దిద్దుబాట్లు, సలహాలు, చతురోక్తులు సాంకేతిక విషయాలుగానే పరిగణన పొందుతున్నాయి. వాటిని ఒక వృత్తిసమూహపు వాఙ్మయంగా చదవవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1995లో ఏర్పడిన అపాచీ సమూహాన్ని ప్రధాన ఆకరంగా తీసుకొని, పాఠపరిష్కరణ, చాటువు, శ్లేష అనే భావనల వెలుగులో ఆ సంభాషణను పరిశీలిస్తుంది. అందులోని ఔదార్యాన్నీ, బయటివారి పట్ల అది చూపే ఉపేక్షనూ చర్చిస్తుంది. తెలుగు వృత్తిపద సేకరణ ఈ వృత్తిలోని సంభాషణ వైపుగా సాగవలసిన అవసరాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: వృత్తిజానపదం, అపాచీ, పాఠపరిష్కరణ, చాటువు, సభంగశ్లేష, లోకనిరుక్తి, వృత్తిపదకోశం.

1. ప్రవేశిక

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం 1962లో వ్యవసాయ పదాల సంపుటంతో మొదలైంది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. పండితుల నిఘంటువుల్లో చోటు దక్కని మాటలకు, వాటిని రోజూ వాడే రైతులనూ నేతకారులనూ ప్రమాణంగా తీసుకోవడం ఆ కృషిలోని విశిష్టత. అప్పటి నుండి వృత్తిపదాల సేకరణ తెలుగు పరిశోధనలో స్థిరమైన అంశమైంది.

నా తరగతిలో ఏటా వృత్తిపదాల సేకరణను ప్రాజెక్టుగా ఇస్తాను. విద్యార్థులు కుమ్మరి సారె దగ్గరికీ, మగ్గం దగ్గరికీ, చేపల రేవుకూ వెళ్లి మంచి పదాలు తెస్తారు. వారిలో చాలామంది ఇళ్లలో అన్నో అక్కో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నారు. అయినా ఇంట్లోనే వినిపించే ఆ మాటలను ఇంతవరకు ఒక్కరూ సేకరించి తేలేదు. కారణం అడిగితే, “అది ఇంగ్లీషు కదా సార్” అన్నారు. ఆ జవాబులో రెండు ఊహలు ఉన్నాయి. జానపదం పాత వృత్తులకే చెందుతుందన్నది ఒకటి. సాంకేతిక సంభాషణలో సమాచారం తప్ప సాహిత్యం ఉండదన్నది మరొకటి.

మొదటి ఊహను జానపద విజ్ఞానం ఏనాడో తోసిపుచ్చింది. కనీసం ఒక ఉమ్మడి అంశమైనా పంచుకొనే ఏ సమూహమైనా జానపద సమూహమేనని అలన్ డండిస్ నిర్వచించాడు. కార్ల్ ప్యాగ్టర్‌తో కలిసి ఆయన 1975లో ప్రచురించిన గ్రంథం, కార్యాలయాల్లో నకళ్లుగా చేతులు మారే హాస్యపత్రాలను జానపద సామగ్రిగా స్వీకరించింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో రఫాయెల్ ఫింకెల్ కంప్యూటర్ నిపుణుల వాడుకమాటలను పోగుచేయడం మొదలుపెట్టాడు. ‘జార్గన్ ఫైల్’గా పేరొందిన ఆ సంకలనాన్ని వృత్తిపదకోశంగానే గుర్తించాలి. రెండవ ఊహను పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సమూహం ఏర్పడిన తీరు

వెబ్ తొలినాళ్లలో పుటలను అందించే సర్వర్ ప్రోగ్రాముల్లో, ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన నేషనల్ సెంటర్ ఫర్ సూపర్‌కంప్యూటింగ్ అప్లికేషన్స్‌లో రాబ్ మెకూల్ రూపొందించినది విస్తృతంగా వాడుకలో ఉండేది. 1994 మధ్యలో ఆయన ఆ సంస్థను విడిచిపెట్టడంతో దాని అభివృద్ధి నిలిచిపోయింది. ప్రోగ్రామును నడుపుతున్నవారు ఎక్కడివారక్కడ తమ తమ ప్రతుల్లో తప్పులు దిద్దుకోసాగారు. ఒకరు దిద్దినది మరొకరికి తెలిసే మార్గం లేదు.

1995 ఫిబ్రవరిలో వీరిలో కొందరు ఈమెయిల్ ద్వారా ఒకచోట చేరారు. బ్రయాన్ బెలెన్‌డార్ఫ్, రాయ్ ఫీల్డింగ్, రాబర్ట్ థావ్ తదితర ఎనిమిది మంది తొలి బృందంగా ఏర్పడ్డారు. అందరి దిద్దుబాట్లను పాత ప్రోగ్రాముకు జోడించి ఏప్రిల్‌లో మొదటి బహిరంగ ప్రతి విడుదల చేశారు. థావ్ దాని నిర్మాణాన్ని కొత్తగా రూపొందించాడు. ఆ రూపానికి వారు పెట్టుకున్న సంకేతనామం ‘శంభల’. మన పురాణాల్లో కల్కి జన్మస్థలంగా చెప్పే ఆ పేరు వారిని ఏ దారిన చేరినా, నామకరణంలో వారికున్న మక్కువకు అది నిదర్శనం. 1995 డిసెంబరు 1న 1.0 ప్రతి వెలువడింది. ఏడాది తిరగకముందే అపాచీ అత్యధికంగా వాడే వెబ్ సర్వర్ అయింది. 1999లో ఈ సమూహం ఫౌండేషన్‌గా రూపొందింది.

ఊళ్లలో ఒకరి పొలానికి ఒకరు మార్పిడిగా పనికి వెళ్లే పద్ధతి ఇక్కడ గుర్తుకు రావడం సహజం. అయితే మార్పిడి పనిలో ఎవరు ఎవరికి ఎన్ని రోజులు బాకీ అన్న లెక్క ఉంటుంది. ఇక్కడ ఇచ్చినది ఎందరికి చేరిందో ఇచ్చినవారికే తెలియదు. ఈ తేడా ప్రాధాన్యం తరువాత స్పష్టమవుతుంది.

3. అతుకు: పాఠపరిష్కరణగా దిద్దుబాటు

దిద్దుబాటుకు ఈ వృత్తిలో ‘ప్యాచ్’ అని పేరు. అంటే అతుకు. కాగితపు పట్టీల మీది రంధ్రాలను యంత్రాలు చదివే కాలంలో, తప్పున్న భాగాన్ని కత్తిరించి కొత్త ముక్కను నిజంగానే అతికించేవారు. పట్టీలు పోయినా పేరు నిలిచింది. వేరొకరు పంపిన తేడాలను మూలప్రతికి తానుగా జోడించే ‘ప్యాచ్’ అనే ప్రోగ్రామును 1985లో లారీ వాల్ రాశాడు. ఆయన భాషాశాస్త్రం చదివినవాడు.

అతుకు రాసే పద్ధతి మన పరిష్కర్తలకు కొత్తగా తోచదు. తొలగించిన పంక్తికి ముందు ‘−’, చేర్చిన పంక్తికి ముందు ‘+’ గుర్తు ఉంటాయి. పైనా కిందా మార్పులేని కొన్ని పంక్తులు ఉంటాయి. వాటిని ‘సందర్భం’ అనే అర్థమిచ్చే మాటతోనే వ్యవహరిస్తారు. మార్పుకు కారణం తెలిపే చిన్న వివరణ జతగా వస్తుంది. అపపాఠాన్ని చూపి, సుపాఠాన్ని నిలిపి, పీఠికలో కారణం చెప్పే తాళపత్ర పరిష్కర్త పని స్థూలంగా ఇదే. తేడా లక్ష్యంలో ఉంది. పరిష్కర్త కవి రాసిన తొలిపాఠం కోసం వెనక్కి వెళ్తాడు. ఇక్కడ తొలిపాఠానికి ఆ గౌరవం లేదు. శుద్ధపాఠం ఎప్పుడూ రాబోయే ప్రతిలోనే ఉంటుంది.

అతుకుకు లొంగని తప్పు కూడా ఒకటి ఈ సమూహాల్లో ప్రసిద్ధం. పాఠకుడు ఏ పుట నుండి వచ్చాడో సర్వర్‌కు తెలిపే అంశానికి ‘రిఫరర్’ అని పేరు పెట్టినప్పుడు, ఇంగ్లీషు వర్ణక్రమంలో జంటగా రావలసిన ‘ఆర్’ ఒంటరిగా పడింది. 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0 పత్రంలో ఆ రూపమే స్థిరపడింది. అపాచీ తొలి బృందంలోని ఫీల్డింగ్ ఆ పత్రకర్తల్లో ఒకడు. అప్పటికే ఎన్నో ప్రోగ్రాములు తప్పురూపాన్నే వాడుతున్నందున, ఒప్పురూపానికి మారితే అవి పనిచేయవు. తరువాత వచ్చిన ‘రిఫరర్ పాలసీ’ అనే అంశంలో సరైన వర్ణక్రమం చేరింది. నేడు రెండు రూపాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. సూత్రానికి విరుద్ధమైనా పూర్వుల వాడుక వల్ల అంగీకరించే రూపాన్ని మన వైయాకరణులు ఆర్షప్రయోగం అన్నారు. ఆర్షప్రయోగాన్ని కాపాడేది ఋషి మీది గౌరవం. ఇక్కడ తప్పును కాపాడుతున్నది వాడేవారి పని ఆగకూడదన్న పట్టింపు. అందుచేత శుద్ధత ఈ సమూహపు అంతిమ విలువ కాదని చెప్పవచ్చు.

4. ఓటు: సలహాకు ఏర్పడిన మర్యాద

అతుకును స్వీకరించాలా వద్దా అన్న చర్చలో అపాచీ సమూహం ఒక క్లుప్తభాషను ఏర్పరచుకుంది. ‘+1’ అంటే సమ్మతి, ‘−1’ అంటే అసమ్మతి, ‘0’ అంటే తటస్థత. భావతీవ్రతను బట్టి ‘+0.9’, ‘−0.5’ వంటి భిన్నాలు కూడా చెల్లుతాయి. “పెద్దగా నచ్చలేదు కానీ అడ్డుపడను” అన్న వాక్యంలోని మొహమాటాన్ని ఒక దశాంశం మోస్తుంది.

కోడ్ విషయంలో ఒక్క ‘−1’ చాలు, మార్పు ఆగుతుంది. అయితే దానికి సాంకేతిక కారణం చూపాలి. కారణం లేని నిషేధం చెల్లదు. హేతువు చూపని పూర్వపక్షం వాదంలో నిలవదన్న తర్కమర్యాద ఇక్కడ నియమమైంది. ఎవరూ కాదనకపోతే సమ్మతించినట్లే భావించే పద్ధతి కూడా ఉంది. అందుకు సాధారణంగా 72 గంటల గడువిస్తారు. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు వేళల్లో పనిచేసేవారికి ఆ వ్యవధి అవసరం. మౌనం అర్ధాంగీకారం అన్న నానుడి ఇక్కడ పూర్ణాంగీకారంగా మారింది. అయితే ఇంగ్లీషులో వాదించడానికి జంకేవారి మౌనం కూడా సమ్మతి లెక్కలోనే పడుతుంది. తెలుగు మాధ్యమంలో చదివి ఈ వృత్తిలోకి వచ్చినవారికి ఈ విషయం వేరుగా చెప్పనక్కరలేదు.

5. చతురోక్తి: సాంకేతిక చాటువు

వెబ్ సమూహాలన్నింటా ప్రచారంలో ఉన్న చతురోక్తి ‘418’. 1998 ఏప్రిల్ 1న లారీ మసింటర్ ఒక పరిహాస పత్రాన్ని వెలువరించాడు. కాఫీ పాత్రలను నెట్‌వర్క్ ద్వారా నియంత్రించే విధానాన్ని అచ్చమైన సాంకేతిక పరిభాషలో వివరించాడు. టీ పాత్రను కాఫీ కాచమని అడిగితే ‘నేను టీ పాత్రను’ అని అర్థం వచ్చే 418 సంఖ్యతో అది బదులివ్వాలి. హెచ్‌టీటీపీని అనుచితంగా ప్రతి పనికీ పొడిగిస్తున్న ధోరణిపై వ్యంగ్యం అది. తరువాత చాలామంది దాన్ని తమ ప్రోగ్రాముల్లో నిజంగానే చేర్చారు.

వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998 నాటి గ్రంథంలో చాటుపద్యాలను సమగ్రంగా చర్చించారు. చాటువులు నోటి మీదుగా ప్రచారంలో ఉండి, సాహిత్యలోకపు ఉమ్మడి విమర్శగా పనిచేశాయన్నది వారి ప్రతిపాదనల్లో ముఖ్యమైనది. ఈ దృష్టితో చూస్తే 418లో చాటులక్షణాలు మూడు కనిపిస్తాయి. ఒకటి, సందర్భకథ తెలియనివారికి అది ఉత్త సంఖ్య. రెండు, శాస్త్రరూపాన్ని యథాతథంగా అనుకరిస్తూ శాస్త్రాన్నే విమర్శిస్తుంది. మూడు, నవ్వినవారు సమూహ సభ్యులని గుర్తింపు ఇస్తుంది.

2017లో ప్రమాణాల నిర్వహణలో ఉన్న మార్క్ నాటింగ్‌హామ్ దీన్ని ప్రోగ్రాముల నుండి తొలగించాలని కోరాడు. సంఖ్యలు పరిమితమైనవి, పరిహాసం కోసం ఒకదాన్ని వృథా చేయడం తగదన్నది ఆయన వాదం. అది సహేతుకమే. అయినా వ్యతిరేకత వెల్లువెత్తింది. 2022లో వచ్చిన ప్రమాణపత్రం 418ని ‘వాడకంలో లేనిది’గా కేటాయించి ఉంచింది. పరిహాసంగా అది ఎంతో వ్యాపించినందున వేరొక పనికి వాడలేమన్నది అందుకు చూపిన కారణం. శాస్త్రం చాటువును నియమంగా ఒప్పుకోలేదు. దాని చోటును మాత్రం వేరెవరికీ ఇవ్వలేదు.

6. పేరు: శ్లేషలో దాగిన ప్రశ్న

‘అపాచీ’ పేరుకు రెండు వ్యుత్పత్తులు ప్రచారంలో ఉన్నాయి. అతుకులతో తయారైన సర్వర్ కనుక, అతుకులబొంత అనే అర్థంలో ‘ఎ ప్యాచీ’ అన్న ఇంగ్లీషు మాటల నుండి పుట్టిందన్నది మొదటిది. పదాన్ని విరిచి రెండో అర్థం సాధించే ఈ పద్ధతి మన అలంకారశాస్త్రంలో సభంగశ్లేష. యుద్ధవ్యూహానికీ ఓర్పుకూ పేరొందిన అమెరికా ఆదివాసి జాతి అపాచీల మీది గౌరవంతో పెట్టిన పేరన్నది రెండవది. బెలెన్‌డార్ఫ్ చెప్పినది ఇదే. దీన్ని అంగీకరిస్తే శ్లేష తరువాత కుదిరిన లోకనిరుక్తి అవుతుంది.

ఏది నిజమైనా, రెండు కథనాల్లోనూ అపాచీ ప్రజలు వక్తలు కారు. ఒకదానిలో వారు ధ్వనిసామ్యం, మరొకదానిలో ఉపమానం. 2023 జనవరిలో ‘నేటివ్స్ ఇన్ టెక్’ అనే ఆదివాసి సాంకేతికుల సంస్థ పేరు మార్చాలని ఫౌండేషన్‌ను బహిరంగంగా కోరింది. అదే ఏడాది ఫౌండేషన్ తన సమావేశాల పేరును ‘కోడ్ కంటే సమూహం మిన్న’ అనే అర్థమిచ్చే ‘కమ్యూనిటీ ఓవర్ కోడ్’గా మార్చుకుంది. సర్వర్ పేరు మాత్రం అలాగే ఉంది.

ప్రతి అభ్యంతరానికీ కారణం చూపాలని పట్టుబట్టిన సమూహం, తన పేరు మీద అభ్యంతరం చెప్పగలవారిని మొదట అడగలేదు. ‘−1’ అనే హక్కు చర్చలో ఉన్నవారికే దక్కింది. చతురోక్తి లోపలివారిని దగ్గరచేస్తూనే బయటివారిని మరుగుపరుస్తుందనడానికి ఇది స్పష్టమైన ఉదాహరణ. కులవృత్తుల పేర్లు నిందాపదాలుగా వాడుకైన మన భాషలో ఈ విషయాన్ని పరాయి సమస్యగా చూడలేము.

7. దాత మీది భారం

ఫౌండేషన్ నీడలోని ‘లాగ్4జే’ అనే ఉపకరణంలో 2021 డిసెంబరులో తీవ్రమైన లోపం బయటపడింది. తీవ్రతకు 10కి 10 అంకం పడింది. ప్రపంచవ్యాప్తంగా లెక్కలేనన్ని వ్యవస్థలు దాని మీద ఆధారపడి ఉన్నాయి. దాన్ని నిర్వహిస్తున్నది కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలు. ఆ నెలలోనే 2.15.0, 2.16.0, 2.17.0, 2.17.1 ప్రతులు వరుసగా వచ్చాయి. అతుకు మీద అతుకు వేయవలసి వచ్చింది.

మార్పిడి పనికీ దీనికీ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. ఊళ్లో బాకీ తీర్చనివాడి ముఖం అందరికీ తెలుసు. ఇక్కడ తీసుకున్నవారికి ముఖం లేదు. ఔదార్యం ఉన్నా పరస్పరత లేదు. ఈ సంభాషణను కేవలం ఉదాత్తమైనదిగా కీర్తించే వ్యాఖ్యానాలు ఈ అంశాన్ని దాటవేస్తున్నాయి.

8. ముగింపు

సాఫ్ట్‌వేర్ సమూహ సంభాషణలో అతుకు పనిని నడిపిస్తుంది, ఓటు తగవును హద్దులో ఉంచుతుంది, చతురోక్తి జీతం లేని పనికి సభ్యులను కట్టి ఉంచుతుంది. వీటిలో ఒకదాన్ని విడిగా చదివితే మిగిలినవి అర్థం కావు. కాబట్టి ఈ వృత్తి నుండి పదాలను మాత్రమే ఏరుకోవడం చాలదు. మాట పుట్టిన సందర్భాన్ని, నవ్విన మనిషిని, నవ్వలేక ఊరుకున్న మనిషిని కూడా నమోదు చేయాలి.

తెలుగువారి వరకు వస్తే, ఈ పని దాదాపు మొదలుకావలసే ఉంది. సర్వర్ ఆగితే “సర్వర్ పడుకుంది” అంటారు. ప్రోగ్రాము విఫలమైతే “కోడ్ పేలింది” అంటారు. పేర్లు ఇంగ్లీషువి, క్రియలు తెలుగువి. మొండికేసిన ఎద్దుకు రైతు వాడిన క్రియే యంత్రానికి వచ్చి చేరింది. “అది ఇంగ్లీషు కదా” అన్న విద్యార్థులకు జవాబు ఆ క్రియల్లోనే ఉంది. ఈ సంభాషణ చాలావరకు సంస్థల గోడల మధ్య, గోప్యత నిబంధనల కింద సాగుతుంది. అందువల్ల సేకరణకు వక్తల అనుమతి, వారి పేర్ల గోప్యత తప్పనిసరి. పురుషుల చతురోక్తులే వృత్తిజానపదంగా చలామణి కాకుండా స్త్రీల గొంతులనూ వెతకాలి. వచ్చే ఏడాది ప్రాజెక్టు సూచనల్లో నేను ఒక వాక్యం చేరుస్తున్నాను: సేకరణను మీ ఇంటి నుండి కూడా మొదలుపెట్టవచ్చు.